హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–షికాగో: ఫ్లైట్ ఆలస్యానికి పరిహారం ఎవరిని, ఎలా అడగాలి?

గోదారి_గట్టు (సెయింట్ లూయిస్)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు ఈమధ్యే హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా షికాగో వచ్చారు. రానూపోనూ కలిపి ఒకే టికెట్, ఒకే పీఎన్‌ఆర్. రెండు ఫ్లైట్లూ ఒకే యూరప్ ఎయిర్‌లైన్‌వి. అర్ధరాత్రి దాటాక బయల్దేరాల్సిన విమానం బాగా తెల్లారాక గానీ కదల్లేదు. అందరినీ ఎక్కించి, తలుపులు వేసి, చాలాసేపు కూర్చోబెట్టి, చివరికి టెక్నికల్ ప్రాబ్లం అని చెప్పి మళ్లీ దింపేశారు. దాంతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కనెక్షన్ పోయింది. అదే రోజు వేరే ఫ్లైట్లలో సీట్లు లేవంటూ మర్నాటి షికాగో ఫ్లైట్‌కు మార్చారు.

వాళ్ల దగ్గర అమెరికా వీసా ఉంది గానీ షెంజెన్ వీసా (యూరప్‌లో అడుగుపెట్టడానికి కావాల్సింది) లేదు. బయట హోటల్‌కు పంపడం కుదరదన్నారు. రాత్రంతా ట్రాన్సిట్‌లో ఇనప కుర్చీల మీదే గడిపారు. నాన్నకు షుగరు. ఇన్సులిన్ చేతిసంచిలో ఉంది కాబట్టి గండం గడిచింది. చేతిలో ఒక ఫుడ్ కూపన్ పెట్టారు. అమ్మ శాకాహారి. ఏ రొట్టె మధ్యలో ఏముందో అడగడానికి భాష రాక, రెండు అరటిపళ్లు, ఒక బన్ను కొనుక్కుని ఇద్దరూ పంచుకున్నారు. వీల్‌చెయిర్‌లో తెచ్చి గేటు దగ్గర దింపిన మనిషి మళ్లీ కనిపించలేదు. ఫోన్‌లో నాన్న ‘ఏం ఫర్లేదురా, బానే ఉన్నాం’ అంటుంటే నాకు కన్నీళ్లాగలేదు.

షికాగో నుంచి మా ఊరికి విడిగా కొన్న టికెట్లు పోయాయి, కొత్తవి కొన్నాం. ఒక సూట్‌కేస్ కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా స్వెటర్లు, బట్టలు కొనాల్సి వచ్చింది. ఇప్పుడు ఎయిర్‌లైన్ మెయిల్ పంపింది: చెరొక వోచర్ ఇస్తాం, ‘యాక్సెప్ట్’ నొక్కండి అని. నొక్కాలా, వద్దా? ఏం అడగొచ్చు, ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_వినయ్ (వరంగల్)

అన్నా, ముందు ఆ వోచర్ మాత్రం నొక్కకు. యూరప్‌లో 261/2004 అని రూల్ ఉంది. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దూరం 3500 కిలోమీటర్లు దాటితే మనిషికి 600 యూరోలు. యూరప్ ఎయిర్‌లైన్ అయితే ఇండియా నుంచి యూరప్ పోయే ఫ్లైట్‌కు కూడా వర్తిస్తది. గమ్యానికి 3 గంటలు ఆలస్యమైతే చాలు. ఇద్దరికీ కలిపి 1200 యూరోలు పక్కా.

మైన్_ఒడ్డున (ఫ్రాంక్‌ఫర్ట్)

ఈ రూల్ కింద డబ్బు వచ్చినవాళ్లలో మేమూ ఉన్నాం కాబట్టి మా సంగతి చెప్తాను. మాది ఫ్రాంక్‌ఫర్ట్–ఢిల్లీ–హైదరాబాద్, ఒకే బుకింగ్. ఎయిర్‌లైన్ యూరప్‌ది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సమయానికే బయల్దేరాం. ఢిల్లీలో రెండో విమానం దగ్గరే పొద్దంతా పోయింది. సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోయాయట, కొత్త సిబ్బంది దొరకలేదట. హైదరాబాద్‌లో దిగేసరికి రాత్రి.

మొదట ‘ఆలస్యం ఇండియాలో జరిగింది, యూరప్ చట్టం వర్తించదు’ అని జవాబిచ్చారు. అది నిజం కాదు. యూరప్ విమానాశ్రయం నుంచి బయల్దేరితే ఎయిర్‌లైన్ ఏ దేశానిదైనా ఈ చట్టం వర్తిస్తుంది. ఒకే బుకింగ్‌లో ఉన్న ఫ్లైట్లన్నీ కలిపి ఒకే ప్రయాణం కింద లెక్క. బెర్లిన్ నుంచి కాసాబ్లాంకా మీదుగా అగాదిర్ వెళ్లిన ఒకావిడ రాయల్ ఎయిర్ మరాక్ మీద వేసిన కేసులో 2018లో యూరప్ న్యాయస్థానం ఈ మాటే చెప్పింది. వెగెనర్ కేసు అంటారు. మొరాకోలో జరిగిన ఆలస్యానికే ఆ తీర్పు.

ఆ తీర్పు పేరు రాసి మళ్లీ మెయిల్ పెట్టాం. మౌనం. రెండు నెలలు ఆగి కోర్టుకెళ్లకుండా ఇలాంటి తగాదాలు తేల్చే ఇక్కడి రాజీ సంస్థకు అర్జీ పెట్టుకున్నాం. ప్రయాణికుడికి పైసా ఖర్చు లేదు. కొన్ని నెలలు పట్టింది గానీ మా ఇద్దరికీ, సీటు కొన్న మా పాపకీ ముగ్గురికీ పూర్తి మొత్తం వచ్చింది. పిల్లల టికెట్ కదా అని సగం ఇస్తే ఒప్పుకోవద్దు. పరిహారం టికెట్ ధరను బట్టి కాదు, దూరాన్ని బట్టి.

గోదారి_గట్టు గారూ, మీ కేసు మాత్రం కొంచెం వేరుగా కనిపిస్తోంది. మన కర్నూలు_వకీలు గారు చూస్తే బాగుంటుంది.

కర్నూలు_వకీలు (హైదరాబాద్)

చూశాను. ముందుగా, ఆ పెద్దవాళ్లు పడ్డ కష్టానికి బాధగా ఉంది. ట్రాన్సిట్‌లో రాత్రంతా కూర్చోవడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

ఇక చట్టం. వినయ్ చెప్పిన అంకెలు సరైనవే. కానీ ఈ ప్రయాణానికి అవి అందవు. మన తెలుగువాళ్లలో చాలామంది అమెరికా వెళ్లేది ఇలాంటి టికెట్ మీదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

261 వర్తించడానికి రెండే దారులు. ఒకటి, యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం నుంచి బయల్దేరాలి. అప్పుడు ఎయిర్‌లైన్ ఎవరిదైనా ఫర్వాలేదు. రెండు, బయటి దేశం నుంచి యూనియన్‌లోని విమానాశ్రయానికి రావాలి. అప్పుడు ఎయిర్‌లైన్ యూనియన్‌దే అయి ఉండాలి. మైన్_ఒడ్డున గారు చెప్పినట్టు ఒకే బుకింగ్ అంతా ఒకే ప్రయాణం. అదే సూత్రం ఆయనకు మేలు చేసింది, మీకు అడ్డం తిరిగింది. మీ అమ్మానాన్నల ప్రయాణం మొదలైంది హైదరాబాద్‌లో, ముగిసింది షికాగోలో. రెండూ యూనియన్ బయటే. ఫ్రాంక్‌ఫర్ట్ మధ్యలో మారిన చోటు మాత్రమే.

దీని మీద సూటిగా తీర్పు ఉంది. మాల్దోవాలోని కిషినావ్ నుంచి వియన్నా మీదుగా బ్యాంకాక్, ఒకే బుకింగ్. ఎయిర్‌లైన్ ఆస్ట్రియాది. 2022లో యూరప్ న్యాయస్థానం ఏమందంటే, మొదలూ చివరా బయటి దేశాలైతే, మధ్యలో యూనియన్‌లో విమానం మారినంత మాత్రాన 261 వర్తించదు. కేసు నంబర్ సి-451/20. ఎయిర్‌లైన్ లాయర్లకు ఈ నంబర్ నోటికి వచ్చు.

కాబట్టి 600 యూరోల మీద ఆశ పెట్టుకోవద్దు. అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. మీకు వేరే దారి ఉంది, మాంట్రియల్ ఒప్పందం. దాని గురించి రాత్రికి రాస్తాను, కోర్టుకు టైమవుతోంది.

ఓరుగల్లు_వినయ్ (వరంగల్)

వకీలు సార్, ఒక డౌట్. అదే హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ ఒక టికెట్, ఫ్రాంక్‌ఫర్ట్–షికాగో విడిగా ఇంకో టికెట్ కొని ఉంటే?

కర్నూలు_వకీలు (హైదరాబాద్)

అప్పుడు మొదటి టికెట్ ఫ్రాంక్‌ఫర్ట్‌తో ముగుస్తుంది. యూరప్ ఎయిర్‌లైన్ కాబట్టి, అక్కడికి 3 గంటలకు మించి ఆలస్యంగా చేరితే 261 వర్తిస్తుంది. కానీ పోయిన షికాగో ఫ్లైట్‌కు ఆ ఎయిర్‌లైన్ మరో సీటు ఇవ్వాల్సిన పని ఉండదు. కొత్త టికెట్ మన డబ్బుతో కొనుక్కోవాలి. పెద్దవాళ్లను పంపేటప్పుడు పరిహారం కోసం టికెట్ విడగొట్టమని నేను ఎవరికీ చెప్పను.

శంషాబాద్_డెస్క్ (హైదరాబాద్)

గ్రౌండ్ స్టాఫ్‌గా చాలా ఏళ్లు చేశాను. మా వైపు నుంచి రెండు మాటలు.

మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనల్లో (సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4) ఆలస్యానికి నగదు పరిహారం లేదు. భోజనం, ఫలహారం ఇవ్వాలి. దేశంలో తిరిగే ఫ్లైట్ ఆలస్యం 6 గంటలు దాటుతుందని తెలిస్తే వేరే ఫ్లైట్ గానీ పూర్తి రీఫండ్ గానీ ఎంచుకునే హక్కు ఉంటుంది. 24 గంటలు దాటితే హోటల్. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన ఫ్లైట్ అయితే 6 గంటలు దాటినా హోటలే. మన అమెరికా, యూరప్ ఫ్లైట్లు చాలావరకు ఆ వేళల్లోనే కదా. ఇది తెలియక జనం గేటు దగ్గర నేల మీద దుప్పట్లు పరుచుకుని పడుకోవడం కళ్లారా చూశాను. అడిగినవాళ్లకు గదులు దొరికేవి.

రెండోది కాగితాలు. ఆలస్యం ఎందుకైందో కౌంటర్‌లో రాతపూర్వకంగా అడగండి. డిలే సర్టిఫికెట్ అంటారు, చాలా ఎయిర్‌లైన్లు తర్వాత మెయిల్ చేసినా ఇస్తాయి. బోర్డింగ్ పాస్ పారేయొద్దు. గేటు దగ్గరి స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీయండి. మైకులో ఏం కారణం చెప్పారో టైముతో సహా రాసుకోండి. ఎందుకంటే మైకులో ‘టెక్నికల్’ అన్నవాళ్లే మూడు నెలల తర్వాత ‘వాతావరణం’ అని రాసిన కేసులు నాకు తెలుసు.

విశాఖ_కెరటం (ఆమ్‌స్టర్‌డామ్)

టెక్నికల్ అని చెబితే వాళ్లు తప్పించుకోవచ్చు కదా? ‘అసాధారణ పరిస్థితి’ అంటారు, అలాంటప్పుడు పరిహారం కట్టక్కర్లేదట. మా ఆఫీసులో ఒకావిడకు అలాగే తిప్పి పంపేశారు.

మైన్_ఒడ్డున (ఫ్రాంక్‌ఫర్ట్)

261 కింద అయితే అంత తేలిగ్గా తప్పించుకోలేరండి. ఈక్వడార్‌లోని కీటో నుంచి ఆమ్‌స్టర్‌డామ్ రావాల్సిన కేఎల్ఎం విమానం 29 గంటలు ఆలస్యమైంది. ఇంజన్‌కు సంబంధించిన రెండు భాగాలు పాడయ్యాయి. విమానం అన్నాక భాగాలు పాడవుతాయి, వాటిని చూసుకోవడం ఎయిర్‌లైన్ రోజువారీ పనే, అది అసాధారణం కాదు అని 2015లో తీర్పు వచ్చింది. వాన్ డెర్ లాన్స్ కేసు. మీ ఆఫీసు ఆవిడకు ఈ పేరు చెప్పి మళ్లీ రాయమనండి.

పక్షి ఢీకొంటే మాత్రం అసాధారణమే అన్నారు, 2017లో. ఎయిర్‌లైన్ సొంత ఉద్యోగుల సమ్మె అసాధారణం కాదని 2021లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సమ్మె మీద వచ్చిన కేసులో తేల్చారు. గగనతలం మూసేయడం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ల ఆంక్షలు మామూలుగా అసాధారణం కిందికే వస్తాయి.

పాలమూరు_లత (మ్యూనిక్)

పొగమంచు సంగతేంటి? జనవరిలో ఢిల్లీ మీదుగా వస్తే మాకు ప్రతిసారీ టెన్షనే.

శంషాబాద్_డెస్క్ (హైదరాబాద్)

నిజమైన పొగమంచు అయితే పరిహారం కష్టం లతగారూ. అయితే ఆ గంటలో అదే రన్‌వే మీద మిగతా విమానాలు దిగాయా, ఎగిరాయా అన్నది ఫ్లైట్ ట్రాకింగ్ సైట్లలో చూడండి. ఢిల్లీలో దట్టమైన పొగమంచులోనూ దిగే ఏర్పాటు ఉంది. దానికి విమానంలో ఆ పరికరాలు, పైలట్లకు ఆ శిక్షణ రెండూ ఉండాలి. చుట్టూ అందరూ దిగుతుంటే ఒక్క మీ విమానం జైపూర్ పోయిందంటే, ఎందుకని అడిగే హక్కు మీకుంది. ఇంకోటి, పొద్దున మంచు పడి, మీ ఫ్లైట్ రాత్రిదైతే, మధ్యలో సర్దుకోవడానికి వాళ్లు ఏం చేశారో చెప్పాల్సింది వాళ్లే. 261 వర్తించే ప్రయాణమైతే, పరిహారం రాకపోయినా భోజనం, హోటల్ మాత్రం ఇవ్వాల్సిందే. పొగమంచుకు ఆ బాధ్యత పోదు.

థేమ్స్_రావు (లండన్)

బ్రిటన్ సంగతి కూడా ఇక్కడే ఉంటే పనికొస్తుంది. యూనియన్ నుంచి బయటికొచ్చాక ఇక్కడ అదే చట్టాన్ని పౌండ్లలోకి మార్చుకున్నారు. 3500 కిలోమీటర్లు దాటితే 520 పౌండ్లు. 3 గంటలు దాటి 4 గంటల లోపు ఆలస్యమైతే సగం, అంటే 260. యూరప్‌లోనూ ఆ సగం రూల్ ఉంది, 600కు బదులు 300 యూరోలు.

లండన్ నుంచి గల్ఫ్ మీదుగా హైదరాబాద్, విజయవాడ, చెన్నై వెళ్లేవాళ్లు చాలామంది ‘అది అరబ్ ఎయిర్‌లైన్, మనకేం రాదు’ అనుకుంటారు. వస్తుంది. 2017లో ఎమిరేట్స్ మీద వేసిన గహన్ కేసులో ఇక్కడి అప్పీలు కోర్టు స్పష్టంగా చెప్పింది, బయల్దేరింది బ్రిటన్ నుంచి కాబట్టి, దుబాయ్‌లో కనెక్షన్ పోయి చివరి గమ్యానికి ఆలస్యమైతే కట్టాల్సిందే అని. తిరుగు ప్రయాణంలో మాత్రం, హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా లండన్ అదే ఎయిర్‌లైన్‌లో వస్తే రాదు. అటు నుంచి వచ్చేటప్పుడు బ్రిటన్ ఎయిర్‌లైన్ గానీ యూరోపియన్ యూనియన్ ఎయిర్‌లైన్ గానీ అయి ఉండాలి.

గడువు ఇంగ్లండ్‌లో 6 ఏళ్లు. కాబట్టి పాత టికెట్లు మెయిల్‌లో వెతకండి. జర్మనీలో 3 ఏళ్లనుకుంటా?

మైన్_ఒడ్డున (ఫ్రాంక్‌ఫర్ట్)

అవునండీ, 3 ఏళ్లు. అయితే ఆ ఏడాది డిసెంబర్ 31 నుంచి లెక్క. 2024 మే నెల ఫ్లైట్‌కు 2027 డిసెంబర్ 31 దాకా టైముంది. ఫ్రాన్స్‌లో 5 ఏళ్లు. దేశాన్ని బట్టి మారుతుంది.

ఆలస్యం ఎప్పటిదాకా లెక్కపెట్టాలో కూడా చెప్పాలి. చక్రాలు నేలను తాకిన టైము కాదు, తలుపు తెరిచి దిగనిచ్చిన టైము. 2014లో జర్మన్‌వింగ్స్ కేసు ఒకటుంది. రన్‌వే తాకేసరికి 2 గంటల 58 నిమిషాలే ఆలస్యం, పార్కింగ్ చోటికి వచ్చేసరికి 3 గంటల 3 నిమిషాలు. తలుపు తెరిచిన టైమే లెక్క అన్నారు, ప్రయాణికుడు గెలిచాడు. 3 గంటల గీతకు అటూఇటూగా ఉంటే తలుపు తీయగానే ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

కర్నూలు_వకీలు (హైదరాబాద్)

చెప్పినట్టే మాంట్రియల్ ఒప్పందం గురించి. 1999 నాటి ఒప్పందం. ఇండియా 2009లో చేరింది. అమెరికా, జర్మనీ కూడా అందులో ఉన్నాయి కాబట్టి ఈ ప్రయాణానికి వర్తిస్తుంది.

261కీ దీనికీ తేడా ఒక్కటే. 261లో ఆలస్యమైతే చాలు, నిర్ణీత మొత్తం వస్తుంది. మాంట్రియల్‌లో ఆలస్యం వల్ల మీకు జరిగిన నష్టం చూపించాలి. ఎంత నష్టమో అంత. ఆలస్యానికి మనిషికి గరిష్ఠంగా 6303 ఎస్‌డీఆర్, సామానుకు 1519 ఎస్‌డీఆర్. 2024 డిసెంబర్ 28 నుంచి ఇవి పెరిగిన పరిమితులు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క. 6303 అంటే ఎనిమిది వేల డాలర్లకు పైమాటే. అంటే మీ ఖర్చులు మొత్తం ఈ పరిమితిలో హాయిగా పడతాయి.

గోదారి_గట్టు గారూ, మీరు అడగాల్సినవి: షికాగో నుంచి మీ ఊరికి పోయిన టికెట్లు, కొత్తగా కొన్న టికెట్లు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో సొంత డబ్బుతో కొన్న తిండి, అదనపు టాక్సీ, సూట్‌కేస్ రాకపోవడంతో కొన్న బట్టలు. ప్రతిదానికీ రసీదు. రసీదు పోతే కార్డు స్టేట్‌మెంట్.

సామాను విషయంలో గడువు చాలా చిన్నది. ఆలస్యంగా వచ్చిన సామానుకు అది చేతికొచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దెబ్బతింటే 7 రోజులే. విమానాశ్రయంలో ఇచ్చిన రిపోర్ట్ కాగితం ఒక్కటే సరిపోతుందని ఊరుకోవద్దు, మెయిల్ కూడా పెట్టండి. ఇది ఇవాళే చేయండి. మిగతా దావాకు 2 ఏళ్లు టైముంది.

ఎయిర్‌లైన్ తప్పించుకోవాలంటే, ఆలస్యం జరగకుండా చేయగలిగిందంతా చేశామని వాళ్లే రుజువు చేయాలి. ఆ భారం మీది కాదు. కారణం ఏంటి, ఆ భాగం చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, అదే రోజు వేరే ఎయిర్‌లైన్‌లో ఎందుకు పంపలేదు అని మీ లేఖలో అడగండి.

మానసిక వేదన గురించి. మాంట్రియల్ కింద రసీదుతో చూపించగల నష్టానికే బలం ఎక్కువ. మన వినియోగదారుల కమిషన్లు వేదనకూ, ఖర్చులకూ కొంత ఇస్తుంటాయి గానీ ఇంత వస్తుందని ముందే చెప్పలేం. రానూపోనూ టికెట్ కాబట్టి ఒప్పందం ప్రకారం మీ అమ్మానాన్నల గమ్యం హైదరాబాదే అని లెక్క. కాబట్టి ఇక్కడ కేసు వేయొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. టికెట్ ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. అంతకన్నా ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్ ఉన్నాయి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

వోచర్ దగ్గర జాగ్రత్త. ‘దీంతో అన్ని దావాలూ పరిష్కారమైనట్టే’ అనే వాక్యం కింద చిన్న అక్షరాల్లో ఉందేమో చదవండి. ఉంటే నొక్కొద్దు. 261 కింద అయితే సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప వోచర్ ఇవ్వడానికి వీల్లేదు, డబ్బే ఇవ్వాలి.

గోదారి_గట్టు (సెయింట్ లూయిస్)

వకీలు గారూ, చాలా థాంక్స్. సామాను మెయిల్ ఇప్పుడే పంపాను, గడువు లోపలే ఉన్నాం. వోచర్ కింద మీరు చెప్పిన వాక్యమే ఉంది. నొక్కలేదు.

అమెరికా చట్టంలో ఏమైనా ఉందా? దిగింది ఇక్కడే కదా.

డాలస్_అనిత (డాలస్)

ఇక్కడ ఆలస్యానికి నగదు పరిహారం చట్టంలో లేదు అన్నా. 2024 అక్టోబర్ నుంచి ఒక మంచి రూల్ వచ్చింది. అంతర్జాతీయ ఫ్లైట్ 6 గంటలు దాటి మారితే, మనం ప్రయాణం వద్దనుకుంటే డబ్బు తిరిగివ్వాలి, వోచర్ కాదు. కానీ ప్రయాణం చేసేశాక అది వర్తించదు.

టికెట్ ఏ క్రెడిట్ కార్డుతో కొన్నారో చూడండి. కొన్ని కార్డుల్లో ట్రిప్ డిలే కవర్ ఉంటుంది. 6 గంటలో 12 గంటలో దాటితే, టికెట్‌కు 500 డాలర్ల దాకా తిండి, బస, అవసరమైన వస్తువుల ఖర్చు ఇస్తారు. వాళ్ల నిబంధనల్లో ‘కుటుంబం’ అంటే తల్లిదండ్రులు వస్తారో లేదో చదవండి. మా అత్తయ్య వాళ్ల కేసులో వచ్చారు. ఒకే ఖర్చును ఇద్దరి దగ్గరా అడగొద్దు, ఎయిర్‌లైన్ ఇవ్వనిది కార్డును అడగండి.

టొరంటో_సుబ్బు (మిస్సిసాగా)

కెనడావాళ్లు ఎవరైనా చదువుతుంటే: ఇక్కడ నగదు ఉంది. పెద్ద ఎయిర్‌లైన్ అయితే 3 నుంచి 6 గంటల ఆలస్యానికి 400, 6 నుంచి 9కి 700, 9 దాటితే 1000 కెనడియన్ డాలర్లు. కెనడాకు వచ్చే, పోయే ఫ్లైట్లన్నిటికీ వర్తిస్తుంది. కానీ ఆలస్యం ఎయిర్‌లైన్ చేతిలో ఉన్నదై ఉండాలి, భద్రత కోసం తప్పనిసరైనదై ఉండకూడదు. ఆ రెండో మాట అడ్డం పెట్టుకుని చాలామందికి ఎగ్గొడతారు. ఏడాదిలోపు అడగాలి. ఎయిర్‌లైన్ 30 రోజుల్లో జవాబివ్వాలి.

విశాఖ_కెరటం (ఆమ్‌స్టర్‌డామ్)

క్లెయిమ్ కంపెనీలకు ఇచ్చేయడం మంచిదా? ఫేస్‌బుక్‌లో రోజూ యాడ్లు.

థేమ్స్_రావు (లండన్)

261 కేసు సూటిగా ఉంటే సొంతంగానే రాయండి. వాళ్లు వచ్చినదాంట్లో పావు నుంచి మూడో వంతు, కోర్టుకెళితే సగం దాకా తీసుకుంటారు. మొదటి మెయిల్‌కే డబ్బు వచ్చే కేసులోనూ అంతే కోత. ఎయిర్‌లైన్ మొండికేసి, మనకు ఆ దేశపు కోర్టుకెళ్లే ఓపిక లేనప్పుడు మాత్రం వాళ్లు పనికొస్తారు. ముఖ్యంగా హైదరాబాద్‌లో ఉండి యూరప్ ఎయిర్‌లైన్‌తో పోరాడేవాళ్లకు.

పాలమూరు_లత (మ్యూనిక్)

దయచేసి ఇది కూడా చదవండి. గూగుల్‌లో ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్ అని కొట్టి వచ్చిన నంబర్‌కు మా బావగారు ఫోన్ చేశారు. ‘రీఫండ్ వేస్తాం, ఈ యాప్ ఎక్కించుకోండి’ అన్నారు. ఫోన్ స్క్రీన్ మొత్తం వాళ్ల చేతిలోకి పోయింది. ఖాతాలో డబ్బు లాగేశారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే కొంత ఆపగలిగారు. పరిహారం ఇవ్వడానికి ఏ ఎయిర్‌లైనూ ఓటీపీ అడగదు, యాప్ ఎక్కించమనదు. ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లోని ఫారమ్ ఒక్కటే నమ్మండి. పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

గోదారి_గట్టు (సెయింట్ లూయిస్)

లేఖ ఎలా రాయాలో ఎవరైనా ఒక నమూనా చెప్తారా? నేను రాసింది రెండు పేజీలు అయింది, అంతా కోపమే.

కర్నూలు_వకీలు (హైదరాబాద్)

కోపం న్యాయమైనదే. కానీ అవతల చదివే మనిషికి మూడు నిమిషాలే ఉంటాయి. ఒక పేజీ దాటొద్దు. ఇంగ్లిషులో, ఈ వరసలో రాయండి:

‘ప్రయాణికుల పేర్లు, పీఎన్‌ఆర్, ఫ్లైట్ నంబర్లు, తేదీ. షికాగో చేరాల్సిన సమయం ఇది, చేరిన సమయం ఇది. మీ సిబ్బంది చెప్పిన కారణం టెక్నికల్ లోపం. మాంట్రియల్ ఒప్పందం ఆర్టికల్ 19 ప్రకారం ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని కోరుతున్నాం. పట్టిక, రసీదులు జతచేశాం. మొత్తం ఇంత. 30 రోజుల్లో ఈ ఖాతాకు పంపగలరు. కాదంటే, మీరు తీసుకున్న చర్యలేమిటో ఆధారాలతో తెలపగలరు. మీరిచ్చిన వోచర్‌ను అంగీకరించడం లేదు.’

వీల్‌చెయిర్ సంగతి వేరే పేరాలో రాయండి. వయసు పైబడిన మధుమేహ రోగిని సహాయం కోరినా గేటు దగ్గర వదిలేయడం సేవా లోపం. వినియోగదారుల కమిషన్ ముందు అదే మీకు అతి బలమైన అంశం. వీల్‌చెయిర్ బుక్ చేసినట్టు టికెట్ మీద ఉంటుంది, ఆ పేజీ జతచేయండి. నాన్నగారి సంతకం పెట్టించండి, దావా వాళ్లది.

గోదారి_గట్టు (సెయింట్ లూయిస్)

అందరికీ కృతజ్ఞతలు. జవాబు వచ్చింది. టికెట్లు, టాక్సీ, బట్టలు, తిండి, అన్నిటికీ రసీదుల ప్రకారం డబ్బు ఇస్తామన్నారు. వీల్‌చెయిర్ విషయంలో క్షమాపణ రాశారు, దానికి విడిగా కొంత మొత్తం కూడా. నాన్న ‘చాలు, కేసులొద్దు’ అంటున్నారు. ఆయన మాటే నా మాట.

ఒకటే చిక్కు. డబ్బు నాన్న ఖాతాకే పంపమన్నాం. వాళ్ల ఫారమ్ ఐబాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా నంబర్) అడుగుతోంది, లేకుండా ముందుకు పోనివ్వడం లేదు. స్టేట్ బ్యాంక్ ఖాతాకు ఐబాన్ ఎక్కడ దొరుకుతుంది?

మైన్_ఒడ్డున (ఫ్రాంక్‌ఫర్ట్)

ఇండియాలో ఐబాన్ పద్ధతే లేదండీ, బ్యాంకుకు వెళ్లినా దొరకదు. ఫారమ్ వదిలేసి, వాళ్ల మెయిల్‌కే జవాబుగా ఖాతా నంబర్, ఖాతాదారు పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్టే, బ్రాంచి చిరునామా, ఆ బ్రాంచికి విదేశీ డబ్బు వచ్చే స్విఫ్ట్ కోడ్ రాసి పంపండి. అన్ని బ్రాంచీలకూ స్విఫ్ట్ కోడ్ ఉండదు. లేకపోతే దగ్గర్లోని పెద్ద బ్రాంచిది ఇస్తారు, మేనేజర్‌ను అడగండి. అదీ కుదరకపోతే, మీ ఖాతాకు పంపమని అమ్మగారూ నాన్నగారూ ఇద్దరూ సంతకం పెట్టిన లేఖ ఒకటి, పాస్‌పోర్టు కాపీలతో పంపండి. మా అత్తమామలకు అలాగే వచ్చింది.

గోదారి_గట్టు (సెయింట్ లూయిస్)

సరేనండీ. మేనేజర్‌కు ఫోన్ చేయమని హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఇప్పుడే చెప్పాను. డబ్బు పడగానే ఇక్కడ రాస్తాను.